వయ్యారపు కిలోలు

నాటకాల వాళ్లు వయసు గురించి అబద్ధం చెబితే నాకేమీ అభ్యంతరం లేదు. బరువు గురించి చెబితేనే ఒళ్లు మండుతుంది. వయసు తప్పు చెబితే ఎవరి నెత్తీ పగలదు. బరువు తప్పు చెబితే పగిలేది వాళ్ల నెత్తి, తిట్లు తినేది నేను.

ఎందుకంటే వాళ్లను వేదిక మీద గాల్లోకి లేపేది నేనే. పైన ఇనుప దూలానికి కప్పీలుంటాయి, వాటి మీదుగా తాడు. ఒక కొసన నటి వేలాడుతుంది, నడుముకీ తొడలకీ పట్టీలు బిగించుకుని. రెండో కొస తెర వెనక గోడవారగా దిగుతుంది. దానికో ఇనుప చట్రం, అందులో రెండేసి కిలోల ఇనుప బిళ్లలు. నటి వైపు కన్నా బిళ్లల వైపు బరువు రవ్వంత ఎక్కువుంటే ఆమె మెల్లగా పైకి లేస్తుంది. ఆ రవ్వంత ఎంతో లెక్కగట్టడమే నా ఉద్యోగం. ద్రవ్యరాశిని త్వరణంతో హెచ్చిస్తే బలం వస్తుందని పదో తరగతిలో అందరం బట్టీ పట్టాం. అందరూ పరీక్ష రాసి మర్చిపోయి హాయిగా ఉన్నారు. నేను మాత్రం దానితోనే కాపురం చేస్తున్నాను.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. నటులు చెప్పిన బరువుకి నాలుగు కిలోలు కలుపుకోవాలి. నాకు పని నేర్పిన ముసలాయన వాటిని వయ్యారపు కిలోలు అనేవాడు. "అరవై అన్నాడంటే అరవై నాలుగనుకో. వాదించకు, నవ్వకు, కలిపేసుకో," అని చెప్పేవాడు. తూకం మిషను మీద నిలబెట్టొచ్చుగా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. నిలబెట్టిన రోజున రాజు వేషగాడు అలిగి, కిరీటం నా చేతిలో పెట్టి ఇంటికెళ్లిపోయాడు. అప్పటినుంచి ఆ మిషను సామాన్ల గదిలో రంగు డబ్బాల వెనక పడి ఉంది.

ఈసారి లేవాల్సింది మా అక్క.

అక్క ఎన్నో ఏళ్లుగా అత్త వేషాలూ, పక్కింటి పిన్ని వేషాలూ వేసి వేసి విసిగిపోయింది. ఇన్నాళ్లకి ఒక పిల్లల నాటకంలో అసలు వేషం దొరికింది. గాలమ్మ. నాటకమంతా పిల్లల్ని ఆడించి, చివర్లో వాళ్లకి చెప్పి ఆకాశంలోకి వెళ్లిపోతుంది. ఆ వేషం వచ్చిన రోజునే నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, ఇక నన్నెత్తే బాధ్యత నీదేరా," అని చిన్నపిల్లలా నవ్వింది. నాకూ సంతోషమేసింది. బరువెంతని అడిగాను. "అరవై రెండు. నీ దగ్గర నాకు దాపరికమేంటి?" అంది. మా ఆనవాయితీ ప్రకారం నాలుగు కలిపాను. పట్టీలు, బట్టలు, రెక్కలు ఎనిమిది. వెరసి డెబ్బై నాలుగు. చట్రంతో కలిపి అటువైపు డెబ్బై ఆరు చేశాను.

తేడా రెండు కిలోలు. ఆ రెండు కిలోల బరువే అక్కనీ బిళ్లల్నీ కలిపి నూటయాభై కిలోల్ని కదిలించాలి. అంత కొద్ది బలానికి అంత పెద్ద బరువు చాలా తాపీగా కదులుతుంది. మొదటి సెకనులో నాలుగు వేళ్ల ఎత్తు, అంతే. అలా లేస్తేనే కింద పిల్లలు చెయ్యి ఊపడానికి వ్యవధి ఉంటుంది. కాగితం మీద అంతా బ్రహ్మాండంగా ఉంది.

రిహార్సల్ నాడు తాడు దగ్గర పహిల్వాన్ నిలబడ్డాడు. ఫ్యాను జోరుగా తిరిగితే మనమే పట్టుకోవాల్సినంత బక్కమనిషి, అందుకే ఆ పేరు పెట్టారు. తాడుకున్న గొళ్లెం తియ్యడం, అక్క పైకి చేరాక తాడుని బిగించి ఆపడం అతని పని. నేను చెయ్యి ఊపాను. అతను గొళ్లెం తీశాడు.

అక్క లేవలేదు, దూసుకుపోయింది. "వస్తాను బిడ్డలూ" అనాల్సిన చోట "వస్" అన్నంతవరకే కింద వినబడింది, మిగతాదంతా కేక. పహిల్వాన్ తాడుకి వేలాడి ఆపకపోతే తల దూలానికి కొట్టుకునేది. తొడుగులు వేసుకున్నా అతని అరచేతులు కమిలిపోయాయి.

"ఒరేయ్!" అని పైనుంచి అరిచింది అక్క. ఒక రెక్క వంకరపోయింది. "ఎత్తమన్నాను గానీ విసిరెయ్యమన్నానా?"

దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. ఆయన నోరు తెరిస్తే వెటకారమే. "ఇంజినీరు గారూ, గాలమ్మ పిల్లల్ని వదల్లేక వదల్లేక వెళ్తోందండీ. ఇదేమో పోలీసుల్ని చూసి పారిపోతున్నట్టుంది."

నేను ఇంజినీర్ని కాను. లెక్కలు వేస్తానని నన్నలా పిలిచి ఏడిపిస్తారు. మామూలు రోజుల్లో నాకూ నవ్వొచ్చేది గానీ, మూడు రోజుల్లో ఆట పెట్టుకుని, సొంత అక్క తల దూలానికి మూరెడు దూరంలో ఆగాక నవ్వేం వస్తుంది?

ముందు పహిల్వాన్ మీద పడ్డాను. "గట్టిగా లాగావు."

"నేను లాగలేదన్నా. తాడే నన్ను లాగింది. చూడు, చెప్పులు కూడా ఊడిపోయాయి."

మళ్లీ చేసి చూశాం, ఈసారి మనిషెత్తు దాటకుండా ఆపేలా అడ్డు పెట్టి. అతను తాడు ముట్టుకోలేదు, నేను పక్కనే నిలబడి చూశాను. అదే పరుగు. తరవాత బిళ్లల మీద అనుమానమొచ్చింది. సామాన్ల గదిలోంచి తూకం మిషను లాక్కొచ్చి, దుమ్ము దులిపి, బిళ్లలన్నీ ఒక్కొక్కటే తూచాను. ప్రతిదీ రెండు కిలోలే. ఒక్క బిళ్లయినా తప్పు తూగితే బాగుండునని ఆశపడ్డాను.

"కప్పీల్లో నూనె ఎక్కువైందేమో," అన్నాడు దర్శకుడు.

"నూనె పోస్తే రాపిడి తగ్గుతుందండీ, లేని బలం పుట్టదు. రాపిడి ఉంటే నెమ్మదిగా వెళ్తుంది, లేకపోతే లెక్క ప్రకారం వెళ్తుంది. లెక్కని మించి వెళ్లదు."

"మరి వెళ్తోందిగా?"

"వెళ్తోంది."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట," అని గొణుక్కుంటూ వెళ్లి కూర్చున్నాడు. మద్దెల ఓడని నేనెప్పుడన్నాను? మద్దెల శుభ్రంగా ఉందనే కదా నా ఏడుపు.

మర్నాడు పొద్దున్నే ఇసుక బస్తా తెప్పించాను. పట్టీలతో సహా సరిగ్గా డెబ్బై నాలుగు కిలోలు తూచి అక్క స్థానంలో వేలాడదీశాను. గొళ్లెం తియ్యగానే అది మహారాణిలా లేచింది. మొదటి సెకనులో నాలుగు వేళ్లు. పహిల్వాన్ చప్పట్లు కొట్టాడు. దర్శకుడు కూడా తలూపాడు. బస్తా దించి అక్కని కట్టాం. మొదటి సెకనులోనే అక్క పాదాలు నా తొడ దాకా లేచాయి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇసుక బస్తాకున్న బుద్ధి కూడా నీకు లేదక్కా! నువ్వు గెంతుతున్నావు. కాలి వేళ్లతో నేలని తన్నుతున్నావు."

"గెంతలేదురా."

"అయితే బస్తా ఎందుకు బుద్ధిగా లేచింది?"

"అది బస్తా కాబట్టి. నేను మనిషిని, ఒంట్లో కాస్త ఊపుంటుంది," అంది రెక్కలు సర్దుకుంటూ. అంత చిన్న మాటకే రెండుసార్లు ఊపిరి పీల్చుకుంది. అది నేను చూశాను గానీ పట్టించుకోలేదు. నా ధ్యాసంతా పాదాల మీదే ఉంది. నేలకి జానెడు ఎత్తున వేలాడదీసి, కదలకుండా ఉండమని, అప్పుడు గొళ్లెం తీయించాను. గెంతడానికి ఇప్పుడు కింద నేల లేదు. అయినా అదే దూకుడు.

"ఒక్కసారి మిషనెక్కు," అన్నాను.

అక్క ముఖం మారిపోయింది. "ఎక్కను. నన్ను కూడా ఆ వయ్యారాల వాళ్లలో జమకట్టావా? నాలుగు కిలోలు కలిపే ఉంటావు, నీ సంగతి నాకు తెలీదూ?"

"కలిపాను."

"అదే నీ రోగం. తీసెయ్ ఆ నాలుగూ."

మాటలో న్యాయముంది. రెండు బిళ్లలు తీసేశాను. దూకుడు కొంచెం తగ్గింది, పరుగు మాత్రం పోలేదు. ఈసారి మొదటి సెకనులో మోకాలు దాటింది.

దర్శకుడికి ఓపిక అయిపోయింది. "సాయంత్రానికి కుదిరితే కుదిరినట్టు. లేకపోతే గాలమ్మ మెట్లెక్కి నడిచి వెళ్తుంది. పక్కనుంచి రంగు పొగ వదులుదాం."

"గాలి మెట్లెక్కడమేంటండీ!" అంది అక్క. నవ్వుతూనే అంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఒక్క ఎగురు కోసమే ఆవిడ ఈ వేషం ఒప్పుకుందని నాకు తెలుసు. సిగ్గేసింది. పాతిక రకాల మనుషుల్ని లేపినవాణ్ణి, తోడబుట్టినదాన్ని సరిగ్గా లేపలేకపోతున్నాను.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లారు. నేను తాడు చుట్ట మీద కూర్చుని, ఫోన్లో తీసిన వీడియోని మళ్లీ మళ్లీ ఆపి చూశాను. త్వరణం కళ్లెదురుగా ఉంది. బిళ్లల బరువు నా చేత్తో తూచింది, అందులో అనుమానం లేదు. తాడు మంచిది, కప్పీ మంచిది, పహిల్వాన్ మంచివాడు. ఇన్ని మంచివైనప్పుడు చెడ్డది ఒక్కటే మిగిలింది, నేను లెక్కలో మొదట రాసుకున్న అక్క బరువు. సరే, ఆ అంకె నాకు తెలియదనుకుందాం అని పెన్సిలు తీసుకుని లెక్కని వెనక నుంచి ముందుకు నడిపాను. ఇంత త్వరణం రావాలంటే ఇంత బలముండాలి. ఇంత బలముండాలంటే రెండు వైపులకీ ఇంత తేడా ఉండాలి. అటువైపు డెబ్బై రెండైతే ఇటువైపు యాభై ఎనిమిది. అందులో పట్టీలు, బట్టలు, రెక్కలు ఎనిమిది తీసేస్తే యాభై.

తప్పనుకున్నాను. మళ్లీ వేశాను. యాభై. పొద్దుటి వీడియోతో, ఆ రెండు బిళ్లలూ ఉన్నప్పటి దానితో కూడా వేశాను. అదీ యాభయ్యే వచ్చింది.

తక్కువ చెప్పేవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. ఎక్కువ చెప్పినవాళ్లని పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అంత తెలివైనవాణ్ణి, పన్నెండు కిలోలు పోగొట్టుకున్న మనిషికి మా ఆనవాయితీ అంటూ మరో నాలుగు కలిపాను. ఆ మాటకి రెండుసార్లు పీల్చుకున్న ఊపిరి అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఎండాకాలంలో రిహార్సల్‌కి పొడుగు చేతుల స్వెట్టరుతో రావడం గుర్తొచ్చింది.

కుట్టుగదికి వెళ్లాను. దర్జీ ఆవిడ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఏదో అంచు కుడుతోంది. "అక్క బట్టలు ఎన్నిసార్లు బిగించావమ్మా?" అని అడిగాను.

ఆవిడ సూదులు తీసి పక్కన పెట్టింది. "బిగించలేదు బాబూ. బిగిస్తే సన్నగా కనబడతానంది. లోపల దూది పెట్టించుకుంది. నెల కిందట ఒక వరస, మొన్న ఇంకో వరస."

"నాకెందుకు చెప్పలేదు?"

"డైటింగు చేస్తున్నానందే. తగ్గితే మంచిదే కదా అనుకున్నాను."

"తగ్గాలనుకునే మనిషి దూది పెట్టించుకుంటుందా?"

ఆవిడ మీద అరవడం న్యాయం కాదని తెలుసు, అయినా అరిచినంత పని చేశాను. వేదిక మీదకి వచ్చేసరికి పహిల్వాన్ ఒక మూల కూర్చుని అక్క భోజనం డబ్బా ఖాళీ చేస్తున్నాడు. నా చూపు చూసి కంగారుపడ్డాడు. "వద్దంటే బలవంతంగా పెట్టిందన్నా. రోజూ నాకే పెడుతోంది." చుట్టూ ఉన్న ప్రతివాళ్ల దగ్గరా ఒక ముక్క ఉంది. కొలతలు తీసి బతికే నా దగ్గర తప్ప.

దర్శకుడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అక్క రెక్కలు తగిలించుకుని నిలబడింది. చట్రం దగ్గరికెళ్లి బిళ్లలు తీశాను. ఒకటి, రెండు, మూడు. ఒక్కొక్కటే అక్క నిలబడ్డ చోటికి తెచ్చి, నేల మీద ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఆరు. పొద్దున తీసిన రెండింటినీ వాటితో కలపలేదు, అవి నా తెలివికి సంబంధించినవి. పహిల్వాన్ వింతగా చూస్తున్నాడు. చెయ్యి ఊపాను.

అక్క లేచింది. మొదటి సెకనులో నాలుగు వేళ్లు. తరవాత నేల నిజంగానే ఆమెని వదల్లేక వదులుతున్నట్టు, మెల్లగా, తాపీగా. రెక్కలు విప్పారాయి. "వస్తాను బిడ్డలూ," అంది, పూర్తిగా, తొణక్కుండా. ఆ మాట హాలు చివరి వరసదాకా వెళ్లింది. పహిల్వాన్ రెండు వేళ్లతో తాడు ఆపాడు.

"అదీ!" అని దర్శకుడు లేచి నిలబడ్డాడు. "అదండీ నాకు కావాల్సింది! ఇంజినీరు గారూ, మీకు శాలువా కప్పాలి!"

అందరూ చప్పట్లు కొడుతున్నారు. నాకు ఏడుపొస్తోంది. ఆ లేవడం కాస్త వంకరగా ఉన్నా, కాస్త తొందరగా ఉన్నా, నా లెక్క తప్పని సరిపెట్టుకునేవాణ్ణి. వెంట్రుకవాసి తేడా లేదు. నా లెక్క కుదిరినందుకు నా మీద నాకే అంత కోపం ఎప్పుడూ రాలేదు.

దించాం. అక్క ముఖం వెలిగిపోతోంది. "చూశావా ఎంత బాగా లేచానో! ఏం మాయ చేశావురా?"

"ఇవి తీశాను," అని నేల మీది దొంతర చూపించాను.

"ఎన్ని?"

"నువ్వే లెక్కపెట్టుకో."

వంగి చూసింది. పెదాలు కదిలాయి. ఆ వెలుగు కొద్దికొద్దిగా పోయింది. "నడక మొదలెట్టాన్రా," అంది. "పొద్దున్నే పార్కులో..."

"అక్కా."

"తీపి కూడా మానేశాను."

"అక్కా, డాక్టరు దగ్గరికి వెళ్లావా?" నాకే తెలియకుండా గొంతు పెంచాను. దర్శకుడు ఇటు తిరిగాడు. తిరగనీ అనుకున్నాను.

అక్క అక్కడే నేల మీద కూర్చుంది. రెక్కలు వెనక ముడుచుకున్నాయి. "అందరూ బాగున్నావన్నార్రా. మీ బావ లారీ దిగి వచ్చినప్పుడల్లా, పెళ్లినాటిలా ఉన్నావే అంటాడు. ఆయన అంత సంతోషంగా అంటుంటే ఏం చెప్పను? తిండి వాసనే గిట్టట్లేదు. ఏది తిన్నా ఇక్కడ పట్టేస్తోంది," అని గుండె కింద చెయ్యి పెట్టుకుంది. "మిషనెక్కితే తెలిసిపోతుందని ఎక్కలేదు. అరవై రెండు అనుకుంటూ ఉంటే అరవై రెండే అనిపించేది. నీకు అబద్ధం చెప్పలేదురా. నాకే చెప్పుకున్నాను."

నిన్నటి నుంచీ అందరి మీదా అరిచిన నోరు నాది. ఇప్పుడు అరవాల్సింది నా మీదే.

అక్క ఒక బిళ్ల తీసి ఒళ్లో పెట్టుకుంది. దాని మీద ఇంకొకటి పెట్టింది. మూడోది ఆగి ఆగి ఎత్తింది. ఆ మూడింటి మీదా రెండు చేతులూ ఆనించి, నేల మీద మిగిలిన మూడింటినీ చూసింది. "ఇంకా ఇన్నా?" అంది. "ఇంత బరువు నాలోంచి పోతుంటే నేనేం చేస్తున్నాన్రా? భయమేస్తోంది."

"నాకూ భయంగానే ఉంది," అన్నాను. పక్కన కూర్చుని పట్టీలు విప్పడం మొదలుపెట్టాను. నడుము పట్టీ ఆఖరి చిల్లులో ఉంది. కింద చెయ్యి పెడితే అంతా దూదే తగిలింది.

"ఇంకొక్కసారి ఎగరేద్దామా ఇంజినీరు గారూ?" అని కేకేశాడు దర్శకుడు. "ఈసారి దీపాలతో!"

"లేదండీ. మేం ఆసుపత్రికి వెళ్తున్నాం."

"ఆట ఎల్లుండండీ!"

"తెలుసండీ."

ఆయన ఇంకేదో అనబోయి, అక్క ముఖం చూసి, తానే వెళ్లి ఆమె స్వెట్టరు తెచ్చిచ్చాడు. పహిల్వాన్ వచ్చి అక్క ఒళ్లోంచి బిళ్లలు తీసుకున్నాడు. నేను రెక్కలు విప్పి పక్కన పెట్టాను. అక్క స్వెట్టరు వేసుకుంది. గుమ్మం దాకా మామూలుగానే నడిచి, అక్కడ ఆగిపోయింది.

"అక్కడ వెళ్లగానే మిషనెక్కమంటారు కదరా?"

"అంటారు."

"ఎక్కుతాను. నువ్వు మాత్రం అంకె చూడకు."

"చూడను," అని చెయ్యి పట్టుకున్నాను. చూడాల్సిన అవసరం నాకు లేదు.